జీతం లేని పెద్దరికం

మా కదిరి ప్రాంతంలో పెద్దరికం ఎక్కడి నుంచి వస్తుందో అందరికీ తెలుసు. భూమి వల్ల వస్తుంది, పార్టీ వల్ల వస్తుంది, వయసు వల్ల వస్తుంది, ఒక్కోసారి ఉద్యోగం వల్ల వస్తుంది. ఇవేవీ అక్కరకు రాని చోట, జీతం ఇవ్వకుండా, భయపెట్టకుండా, చాలాసార్లు ఎదుటి మనిషి ముఖమైనా చూడకుండా నలుగురిని కలుపుకొని పని సాగించాలంటే ఆ పెద్దరికం ఎలా ఉండాలి? తెలుగు వికీపీడియాలో రాస్తూ, ఇక్కడి పిల్లలకూ ఉపాధ్యాయులకూ ఆ పని నేర్పుతూ గడిపిన ఏళ్ళన్నీ నాకు ఈ ప్రశ్నతోనే గడిచాయి.

తెలుగు వికీపీడియా 2003 డిసెంబరు 10న మొదలైంది. మొదలుపెట్టిన వెన్న నాగార్జున గారే ‘పద్మ’ అనే ఉపకరణాన్నీ తయారు చేశారు. పత్రికలు ఒక్కొక్కటీ తన సొంత ఫాంటులో దాచుకున్న తెలుగును ఏ కంప్యూటరైనా చదవగల యూనికోడ్‌లోకి అది మార్చేది. 2006లో వీవెన్ గారు ‘లేఖిని’ తెచ్చారు. ఇంగ్లీషు మీటలు నొక్కితే తెలుగు అక్షరం పడటం చూసి అప్పట్లో మేము పొందిన సంతోషం ఈనాటి పిల్లలకు చెప్పినా అర్థం కాదు. అంతవరకూ మా ఊళ్ళో తెలుగు టైపింగంటే డీటీపీ షాపే. పెళ్ళిపత్రికలూ తేరు పండుగ కరపత్రాలూ అక్కడ అను ఫాంట్లలో తయారయ్యేవి. ఆ ఫైలును ఇంకో కంప్యూటర్లో తెరిస్తే తెలుగు ఉండేది కాదు, గుర్తుల గందరగోళం ఉండేది. అందుకే మా దగ్గర మొదటి పాఠం ఎప్పుడూ వికీ కాదు, టైపింగే. ప్రతివాళ్ళూ ముందు తమ పేరు కొట్టి చూసుకునేవాళ్ళు, ఆ వెంటనే తమ ఊరి పేరు.

ఆ ఊరి పేరే మనుషుల్ని పట్టి ఉంచింది. తలుపుల, నల్లచెరువు, తనకల్లు, గాండ్లపెంట, నంబులపూలకుంట మండలాల పల్లెలకు వికీలో పేజీలు ఉన్నాయి. వాటిలో 2011 జనాభా లెక్కల్లోంచి తెచ్చిన ఇళ్ళ సంఖ్య, ఆడవాళ్ళెందరు, మగవాళ్ళెందరు, బడి ఎక్కడ, బస్సు ఎక్కడ అనే వివరాలుంటాయి. ఎముకలు ఉన్నాయి, రక్తమాంసాలు లేవు. శెనక్కాయ ఎప్పుడు వేస్తారో, వాన ముఖం చాటేసిన ఏడు ఎందరు బెంగళూరు బస్సెక్కుతారో, చెరువుకు చివరిసారి ఎప్పుడు నీళ్ళొచ్చాయో వాటిలో కనపడదు. తన ఊరి పేజీ తెరిచిన మనిషికి ముందు ఆశ్చర్యం కలిగేది, తర్వాత కోపం. ‘ఇంతేనా మా ఊరు?’ అనే ఆ కోపాన్ని నేను ఎంతో విలువగా చూసేవాణ్ణి. దాన్ని చల్లారనివ్వకుండా చేతిలో పని పెట్టగలిగితే ఒక కార్యకర్త తయారైనట్టే.

చిక్కు అక్కడే వచ్చేది. తలుపుల వైపు నుంచి రిటైరైన ఒక మేష్టారు వచ్చేవారు. తమ ఊరి చెరువు ఎవరు తవ్వించారో, తూము దగ్గర గండి పడినప్పుడు ఊరంతా ఎలా నిలబడిందో ఓపికగా టైపు చేశారు. అంతా వాళ్ళ అవ్వ చెప్పగా విన్నది. రెండు రోజులకు ఎక్కడో దూరాన ఉన్న మరో వాడుకరి, ఆధారం చూపలేదని దాన్ని తీసేశారు. తీసేసినాయన తప్పేమీ లేదు, వికీ నియమం అది. మేష్టారు నా దగ్గరకొచ్చి, ‘నేనేమన్నా అబద్ధం రాసినానా నాయనా?’ అని అడిగారు. అబద్ధం కాదు. కానీ అచ్చులో లేదు.

అచ్చులో ఎందుకు లేదని వెతకబోతే కదిరి చరిత్రే ఎదురైంది. డబ్ల్యూ. ఫ్రాన్సిస్ రాసిన అనంతపురం జిల్లా గెజెటీర్ 1905లో వచ్చింది. అప్పటికి కదిరి తాలూకా కడప జిల్లాలో ఉంది. 1910లో దాన్ని అనంతపురంలో కలిపారు. బ్రాకెన్‌బరీ కడప గెజెటీర్ 1915లో వచ్చింది. అప్పటికి మేము కడపను వదిలేశాం. తెల్లదొరలు జిల్లాల పుస్తకాలు రాసుకునే రోజుల్లో మా తాలూకా అటూ ఇటూ కాకుండా నడిమధ్యలో పడింది. స్వాతంత్ర్యం తర్వాత 1970లో వచ్చిన అనంతపురం గెజెటీర్‌లో కదిరికి చోటు దక్కింది గాని, ఒక చిన్న పల్లె చెరువు గండి దాకా ఏ గెజెటీరూ దిగిరాదు. ఇలాంటి చోట ‘ఆధారం చూపండి’ అన్న మాట గుంటూరువాళ్ళకు వినిపించినట్టు మాకు వినిపించదు. పుస్తకాలు దండిగా ఉన్న సీమకూ, పుస్తకమే ఎక్కని సీమకూ నియమం ఒక్కటే, బరువు మాత్రం ఒక్కటి కాదు.

అలాగని నియమాన్ని పక్కన పెడితే రేపు ఎవరైనా ఏమైనా రాయవచ్చు. ఎన్నికలు వస్తున్నాయంటే నాయకుల పేజీల్లోకి పొగడ్తలు వచ్చి చేరడం మేము చూస్తూనే ఉన్నాం. కులాల పేజీల్లో గొప్పల పోటీ సరేసరి. వాటిని తీసేయడానికి ఏ నియమం ఆసరాగా నిలిచిందో, మేష్టారి చెరువును తీసేసిందీ ఆ నియమమే. రెండు చోట్లా దానికి కట్టుబడి ఉండాలి. కానీ పొగడ్త రాసినవాడికి వద్దని చెప్తే చాలు. మేష్టారికి వద్దని చెప్పి ఊరుకోకూడదు, దారి కూడా చూపాలి. ఆ కథను వ్యాసంగా రాసి పత్రికకు పంపమన్నాను. కూర్చుని రాశారు, పంపారు, అచ్చయింది. అచ్చయిన తేదీతో, పేజీ సంఖ్యతో చెరువు మళ్ళీ ఊరి పేజీలోకి వచ్చింది. ఇన్నేళ్ళ పనిలో పెద్దరికం అన్న మాటకు నాకు పూర్తిగా అర్థం తెలిసింది ఆ నెలల్లోనే.

బయటివాళ్ళు వికీ నిర్వాహకుడంటే అధికారి అనుకుంటారు. నిర్వాహకుడికి ఉండే హక్కులు మూడు నాలుగే: పేజీని తొలగించవచ్చు, ఎవరూ మార్చకుండా కాపలా పెట్టవచ్చు, పాడుచేసేవాణ్ణి కొన్నాళ్ళు ఆపవచ్చు. ఏది రాయాలి, ఏది రాయకూడదు అన్న చర్చలో ఆయన మాటకూ నిన్న చేరిన కుర్రవాడి మాటకూ ఒకటే తూకం. ఆ చర్చ జరిగే చోటును రచ్చబండ అంటారు. అక్కడ ఎత్తైన అరుగు ఎవరికీ లేదు. కాబట్టి మాట చెల్లాలంటే ఒకటే మార్గం, ఎవరూ ఇష్టపడని పనిని ముందుగా తానే అందుకోవాలి.

అలాంటి పని ఒకటి చెప్తాను. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో పదమూడు జిల్లాలు ఇరవై ఆరు అయ్యాయి. కదిరి అనంతపురం నుంచి విడిపోయి, పుట్టపర్తి కేంద్రంగా ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో చేరింది. బయట ఒక్క ఉత్తర్వుతో సరిపోయింది. వికీలో మాత్రం ప్రతి మండలం పేజీ, ప్రతి ఊరి పేజీ, వర్గాలు, మూసలు, పటాలు మార్చాలి. అంతటితో తీరలేదు. 1910కి ముందు కదిరిలో పుట్టినవారి పేజీలో ఏ జిల్లా రాయాలి? పాత వార్తను ఉదహరిస్తున్న వాక్యంలో ‘అనంతపురం జిల్లా కదిరి’ అని ఉంటే దిద్దాలా, ఉంచాలా? ఉంచాలన్నది నా పక్షం. ఏ కాలం మాట చెబుతున్నామో ఆ కాలం జిల్లాను చెప్పి, ఇప్పటిది పక్కన చేర్చాలి. ఈ పనిని రాష్ట్రం నలుమూలల నుంచీ, రాష్ట్రం దాటి కూడా, స్వచ్ఛందంగా చేసిన వాళ్ళున్నారు. వాళ్ళకు సన్మానాలు లేవు. అలాంటివాళ్ళ మాటకు రచ్చబండలో ఎందుకంత గౌరవమో విడమరిచి చెప్పక్కర్లేదు.

కొత్తవాళ్ళ విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఒకటుంది, ఎవరు కాదన్నా మార్చుకోను. మొదటిసారి రాసినవాడి రాతను తీసేసే ముందు అతనితో రెండు మాటలు మాట్లాడాలి. డిగ్రీ చదివే ఒక అమ్మాయి తిమ్మమ్మ మర్రిమాను గురించి రాసింది. 1989లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కిన చెట్టు, కొమ్మలు పరుచుకున్న మేర 19,107 చదరపు మీటర్లు. చెట్టు కొలతలను వదిలిపెట్టి, బిడ్డలు లేనివాళ్ళు అక్కడ మొక్కుకుంటే పుడతారని నిజంగా జరిగేదే అన్నట్టు రాసింది. ‘భక్తుల నమ్మకం’ అన్న రెండు మాటలు చేరిస్తే ఆ వాక్యం నిలబడేది. అడిగేవాళ్ళు లేక మొత్తం పోయింది. ‘నేను రాసింది ల్యాకుండా పాయ సార్’ అని చిన్నబోయింది. కూర్చోబెట్టి ఆ రెండు మాటలూ చేర్పించాం. తర్వాత ఆ అమ్మాయే గాండ్లపెంట దగ్గరి కటారుపల్లి వెళ్ళి వేమన సమాధి ఫొటోలు తీసి, ఎవరైనా వాడుకోవచ్చని, వికీ ఫొటోలుండే కామన్స్‌లో పెట్టింది. రాత తీసేయడం క్షణంలో పని. అలా చిన్నబోయి వెళ్ళినవాళ్ళు చాలామంది మళ్ళీ రారు. తెలుగు వికీలో వ్యాసాలు లక్ష దాటాయి, ఆ సంఖ్యకు నేనూ సంతోషిస్తాను. కానీ ఎన్ని వ్యాసాలు పెరిగాయని కాక, నిరుడు వచ్చినవాళ్ళలో ఈ ఏడు ఎందరు మిగిలారని అడిగే అలవాటు మాలో ఇంకా పెరగాలి.

మిగలనివాళ్ళ మీద మాత్రం కినుక పెట్టుకోకూడదు. జీతం తీసుకోనివాడికి రాజీనామా పత్రం ఉండదు. ఉద్యోగం వస్తుంది, పెళ్ళవుతుంది, ఇంట్లో ఒకరికి జబ్బు చేస్తుంది, ఒక రోజు నుంచి కనపడడు. ఇచ్చినంత ఇచ్చాడు, అతను రాసిన వాక్యాలు అక్కడే ఉన్నాయి. ఉండిపోయిన పెద్దలను గురించే నేను ఎక్కువ ఆలోచిస్తాను. అన్నీ తామే చేసేవారి చుట్టూ మిగతావాళ్ళు మెల్లగా చూసేవాళ్ళుగా మారిపోతారు.

కొమర్రాజు లక్ష్మణరావు గారి కథ ఇక్కడ తప్పక తలచుకోవాలి. 1906లో విజ్ఞాన చంద్రికా మండలి పెట్టిన మహానుభావుడు. ఆంధ్ర విజ్ఞాన సర్వస్వాన్ని తలకెత్తుకుని మూడు సంపుటాలు తెచ్చారు. 1923లో ఆయన పోయారు, పని ఆగిపోయింది. తర్వాత కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు దాన్ని మళ్ళీ చేపట్టారు. 1938లో ఆయనా పోయారు, సర్వస్వం మళ్ళీ పూర్తి కాకుండానే మిగిలింది. ఆ ఇద్దరినీ మించిన దీక్ష మనలో ఎవరికుంది? దీక్ష లోటు కాదు అక్కడ. అంత పెద్ద పని ఒక్క మనిషి ప్రాణం మీద ఆధారపడింది. 2014 ఫిబ్రవరిలో విజయవాడలో తెలుగు వికీపీడియా దశాబ్ది ఉత్సవం జరిగినప్పుడు కొమర్రాజు వారి పేరనే వికీపీడియన్లకు పురస్కారాలు ఇచ్చారు. ఆ పేరు పెట్టుకున్నందుకైనా ఎవరు లేకపోయినా నడిచేటట్టు పనిని పంచుకోవలసిన బాధ్యత మా మీద ఉంది. అందుకే నేను చూసే పనులను ఒక్కొక్కటిగా చిన్నవాళ్ళకు అప్పగిస్తూ వచ్చాను. వాళ్ళు నాకంటే వేరుగా చేస్తున్నారు, చేయనీయాలి.

ఇది చదువుతున్నవారిలో కదిరి చుట్టుపక్కల వాళ్ళుంటే ఒక మాట అడుగుతాను. మీ ఊరి పేజీని ఒకసారి తెరిచి చూడండి. మీ ఇంట్లో బడి వార్షికోత్సవ సంచిక, తేరు పండుగ మీద వచ్చిన పాత పత్రిక, మీ చెరువు పేరున్న ఏదైనా అచ్చు కాగితం ఉంటే చించి పొట్లాలు కట్టకండి, చెదలకు వదలకండి. ఏ పత్రికో, ఏ నెలదో, ఏ పేజీయో వెనక రాసి దాచండి. తెలుగు కొట్టడం రాకపోతే నేర్పడానికి మేమున్నాం.