రాలీ పుట్టిన ఊళ్లో చిన్న చక్రాల సైకిలు

నాటింగ్‌హామ్‌లో లెంటన్ వైపు ఒక పాత ఇటుకల షెడ్డు ఉంది. శనివారం పొద్దున్నే తలుపులు తీస్తారు. ఎవరి సైకిలు వాళ్లు తెచ్చుకుని, అక్కడి పానాలతో, అక్కడి పెద్దల సలహాతో సొంతంగా బాగుచేసుకోవచ్చు. వెళ్లేటప్పుడు ఇవ్వగలిగినంత డబ్బాలో వేస్తే చాలు. ఈ ఊళ్లో చదువుకుంటున్న మా అమ్మాయిని చూడ్డానికి వచ్చిన నేను, ఉన్న మూడు శనివారాలూ ఆ షెడ్డులోనే గడిపాను.

అమ్మాయి 20 పౌండ్లు పెట్టి కొన్న పాత సైకిలే అందుకు కారణం. పేరు రాలీ ట్వెంటీ. 20 అంగుళాల చక్రాలు, కాలెత్తకుండా ఎక్కేలా కిందికి దిగిన లావుపాటి గొట్టం, పొడుగాటి సీటు రాడ్డు. చైను తుప్పు పట్టి కర్రలా బిగుసుకుపోయింది. టైర్లు ఎండిన చెరువులా నెర్రెలిచ్చాయి. "కొన్నదానితో కలిపి 75 పౌండ్లు దాటకూడదు నాన్నా," అంది. చదువుకుంటూనే పని చేసుకుని గది అద్దె కట్టుకునే పిల్ల. ఆ లెక్క ఎంత కచ్చితమో నాకు తెలుసు.

షెడ్డులో ఓ పెద్దాయన "ఏయప్, మీ డక్!" అని పలకరించాడు. డక్ అంటే ఇక్కడ బాతు కాదు. మనం ఎదుటివాళ్లను అమ్మా, నాన్నా అని ఆప్యాయంగా పిలుస్తామే, అలాంటిదే. ఆయన గుడ్డ ముక్కతో వెనక చక్రం హబ్బును తుడిచాడు. మసి కింద దాన్ని చేసిన స్టర్మీ-ఆర్చర్ కంపెనీ పేరు, దాని పక్కన 74, ఆ పక్కనే 5 కనిపించాయి. "1974 మే నెల. ఇదీ ఈ ఊరిదే," అన్నాడు.

ట్వెంటీ లాంటి చిన్న చక్రాల సైకిళ్ల కథ 1956 నాటి సూయజ్ సంక్షోభంతో మొదలైంది. పెట్రోలుకు రేషను వచ్చింది. అలెక్స్ మౌల్టన్ అనే ఇంజినీరు సైకిలు వైపు చూశాడు. 1959లో వచ్చిన మినీ కారుకు రబ్బరు సస్పెన్షన్ రూపొందించింది ఆయనే. అదే రబ్బరును సైకిలుకు పెట్టి, 16 అంగుళాల చక్రాలతో 1962లో జనం ముందుకు తెచ్చాడు. ఆ సైకిలు తయారీ మొదట వద్దన్న రాలీ కంపెనీ, తర్వాత పోటీగా 1965లో ఆర్‌ఎస్‌డబ్ల్యూ 16 అనే సొంత సైకిలు దించింది. 1967లో మౌల్టన్ సైకిళ్ల వ్యాపారాన్నే కొనేసింది. ఆ తర్వాత వచ్చిందే ట్వెంటీ. దీనికి సస్పెన్షన్ లేదు, చిక్కుముడులు లేవు. ఆ సాదాతనమే ఇన్నేళ్లకు మాకు కలిసొచ్చింది.

టైర్ల దగ్గరే మొదటి పాఠం. 20 అంగుళాలు అని రాసి ఉంటే చాలదు. ఆ పేరుతోనే 406 మిల్లీమీటర్ల రిమ్ములున్నాయి, 451వీ ఉన్నాయి. ఒకదాని టైరు మరొకదానికి ఎక్కదు. మాది 451. పాత టైరు పక్కన ఉన్న అంకెలు చదివాకే డబ్బు తీయమన్నాడు పెద్దాయన.

రెండో పాఠం కాటర్‌పిన్ను. పెడలు క్రాంకును ఇరుసుకు పట్టి ఉంచే చిన్న ఇనుప ముక్క ఇది, ఒక పక్క ఏటవాలుగా చెక్కి ఉంటుంది. నేను సుత్తి అందుకోగానే ఆయన నా చెయ్యి పట్టి ఆపాడు. ముందు నూనె వేసి వారం వదిలేయమన్నాడు. రెండో శనివారం నట్టును పిన్ను చివరకు సమంగా వచ్చేదాకా వదులు చేయించాడు, మరలు చెడకుండా. దెబ్బ లోపలి బాల్సు మీద పడకుండా క్రాంకు కింద నేలకు ఆనించి ఇనుప గొట్టం ముక్క నిలబెట్టాడు. "మెల్లిగా పదిసార్లు కొడితే తల చదునై ఇంకా ఇరుక్కుంటుంది. గట్టిగా, సూటిగా, ఒక్కసారి." కొట్టాను. టప్పున కదిలింది. కొత్త పిన్నులు రెండూ ఎదురెదురు దిక్కుల్లో దూర్చాలి. లేకపోతే రెండు క్రాంకులూ ఒకే గీతలోకి రావు.

తెనాలిలో మా వీధి చివరి సైకిలు షాపులో ఏటా ఓరాయిలింగు చేస్తుంటే గంటలకొద్దీ చూసేవాణ్ణి. ఆ చూపు ఇక్కడ పనికొచ్చింది. క్రాంకు ఇరుసు కప్పులను కిరసనాయిల్లో కడిగి మళ్లీ వాటినే బిగించాం. రాలీ కప్పులకు అంగుళానికి 26 మరలు, మిగతా సైకిళ్లకు మామూలుగా 24. పారేస్తే ఏ షాపులోనూ తేలిగ్గా దొరకవు. కొత్తగా వేసింది పావంగుళం బాల్సు మాత్రమే, పక్కకు 11 చొప్పున. చైను నాలుగు రోజులు నూనెలో నానాక లింకు లింకుకూ కదిలింది. రిమ్ముల మీది తుప్పును వంటింటి అల్యూమినియం రేకు ఉండ చుట్టి, నీళ్లలో ముంచి రుద్దితే పోయింది. చువ్వలు బిగించి బెండు తీయడం ఒక పూట పని.

ఖర్చు ఇలా తేలింది. టైర్లకు 22 పౌండ్లు, ట్యూబులకు 8, బ్రేకు రబ్బర్లకు 6, కేబుళ్లకు 5, కాటర్‌పిన్నులకు 3, బాల్సుకు 2. డబ్బాలో 5 వేశాం. మిగిలిన 4 పౌండ్లకు షెడ్డులోని పాత సామాను పెట్టెలోంచి ముందూ వెనకా లైట్లు దొరికాయి. బ్రేకు రబ్బర్లు మాత్రం చవకవి వద్దని తోలు అతికించినవే కొనిపించాడు పెద్దాయన. స్టీలు రిమ్ము తడిస్తే మామూలు రబ్బరు జారుతుంది. రంగు వేయిద్దామా అంటే తల అడ్డంగా ఊపాడు. "గీతలు పడ్డచోట మైనం రుద్దు, చాలు. తిరిగేవాటికీ ఆపేవాటికీ ఖర్చుపెట్టు. మిగతావాటికి చాకిరీ చెయ్యి."

చివరి రోజు గేర్లు సరిచేశాం. హబ్బులో మూడు గేర్లు. మొదటిది వేగాన్ని పావు వంతు తగ్గిస్తుంది, మూడోది మూడో వంతు పెంచుతుంది. నూనె రంధ్రం మూత తీసి నాలుగు చుక్కలు వేశాం. రెండో గేరులో పెట్టి, ఇరుసు నట్టుకున్న చిన్న కిటికీలోంచి చూస్తే సన్నటి కడ్డీ భుజం ఇరుసు చివరకు సమంగా ఉండాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా తొక్కేటప్పుడు కాలు శూన్యంలోకి జారుతుంది. సమంగా కుదిరాక పెద్దాయన చక్రం తిప్పి చెవి పెట్టాడు. టిక్కు, టిక్కు, టిక్కు. "యాభై ఏళ్లయినా మాట తడబడలేదు," అన్నాడు.

పాత రాలీ కర్మాగారం నేలలో కొంత ఇప్పుడు జూబ్లీ క్యాంపస్. 1999లో విశ్వవిద్యాలయం అక్కడ భవనాలు తెరిచింది. మా అమ్మాయి తరగతులు అక్కడే. మా నాన్న తొక్కినది అసన్‌సోల్‌లో తయారైన సేన్-రాలీ. ఆయన మనవరాలు ఇప్పుడు రాలీ సొంత ఊళ్లో, రాలీ సైకిలు మీద పాఠాలకు వెళుతోంది.

నేను తెనాలి చేరిన వారానికి ఫోను వచ్చింది. "లెంటన్ దగ్గర కుండపోత వాన నాన్నా. కారు అడ్డం వచ్చింది. బ్రేకు పట్టింది."