బాగా తిరిగిన బండి

వార్షిక సంచికకు పూర్వ విద్యార్థిగా ఒక వ్యాసం వ్రాసి పంపవలసినదని మన కళాశాల సంపాదకవర్గం వారు కోరినప్పుడు, విద్యను గురించియో, విదేశ జీవితాన్ని గురించియో వ్రాయడం మర్యాదగా ఉంటుందని మొదట అనుకొన్నాను. కాని ఆ విషయాలమీద నాకంటె బాగా వ్రాయగలవారు ఈ పుటలలోనే ఉంటారు. నాకు స్వయంగా తెలిసిన సంగతి వేరొకటి ఉన్నది. 2024 వేసవిలో, అమెరికాలోని ఒహాయో రాష్ట్రానికి చెందిన కొలంబస్ నగరంలో, ఒక పాత స్పోర్ట్స్ కారును కొనడమా, మానడమా అని మూడు వారాలపాటు తర్జనభర్జన పడ్డాను. ఆ కారు అప్పటికే 1,68,000 మైళ్ళు తిరిగి ఉన్నది. అనగా సుమారు 2,70,000 కిలోమీటర్లు. భూమధ్యరేఖ వెంబడి భూగోళాన్ని ఆరు మార్లు చుట్టివచ్చి, ఏడవ ప్రదక్షిణలో సగం దాటినంత దూరం.

అది నాకు అవసరమా అంటే, కాదు. ఉద్యోగానికి పోయి రావడానికి వేరే కారు ఉన్నది. ఈ రెండవ కారు కేవలం మనసుపడి కొనవలసినది. ధర 5,200 డాలర్లు. నాటి మారకపు విలువను బట్టి నాలుగు లక్షల ముప్పైవేల రూపాయలకు పైమాటే. విజయవాడలో మా ఇంటిమీద మేడ గదికి స్లాబు వేయించడానికి నేను కూడబెట్టిన సొమ్ము దాదాపు అంతే. కనుక ఒక వైపు తల్లిదండ్రుల మేడ గది, మరొక వైపు నా సరదా. ఇందులో తర్కించవలసినదేమున్నదని పాఠకులకు తోచవచ్చు. నాకు కూడ మొదటి రెండు రోజులు అట్లాగే తోచింది.

ఆ కారు పేరు మాజ్దా మియాటా. స్పోర్ట్స్ కారనగానే మన కళ్ళముందు మెదిలే కోటీశ్వరుల వాహనం వంటిది కాదు. పూర్వం 1960 ప్రాంతంలో ఇంగ్లండులో రెండు సీట్లతో, మడత పైకప్పుతో చిన్న చిన్న కార్లు తయారయ్యేవి. అవి చూడముచ్చటగా ఉండేవి గాని ఆయిలు కారడం, దారిలో ఆగిపోవడం వాటికి పరిపాటి. అటువంటి కారునే నమ్మదగినదిగా ఎందుకు చేయరాదని జపాను వారు తలపెట్టి, 1989 ఫిబ్రవరిలో చికాగో మోటారు ప్రదర్శనలో దీనిని లోకానికి చూపారు. నేను చూసినది 1995 నాటి బండి. 1.8 లీటర్ల ఇంజను, 128 గుర్రాల శక్తి, బరువు టన్నుకు కొంచెం పైన. వేగంలో దీనిని మించిన కార్లు వీధికి పది ఉంటాయి. దీని సుఖం వేరు. స్టీరింగును వేలెడు తిప్పితే బండి వేలెడు తిరుగుతుంది. గేరు మార్చినప్పుడు కర్ర చేతిలో టక్కున కూర్చుంటుంది. ఈ తరహా కారు లోకమంతటా పది లక్షలకు మించి తయారైందంటే ఆ సుఖాన్ని కోరినవాడను నేనొక్కడనే కానని తెలుస్తున్నది కదా.

మా నాన్నగారు విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఆరేళ్ళుగా లారీ మెకానిక్కు. అయిదారు లక్షల కిలోమీటర్లు తిరిగి, నీలిపొగ క్రక్కుతూ షెడ్డుకు వచ్చిన బండ్లు ఆయన చేతిలో రీబోరు చేయించుకొని, కొత్త పిస్టన్లు, రింగులు వేయించుకొని, మళ్ళీ నిలువెత్తు లోడుతో రోడ్డెక్కడం నేను చిన్ననాటినుంచి చూశాను. కాని ఆ షెడ్డులో నాచేత ఆయన ఏనాడూ పానా పట్టించలేదు. సెలవుదినాలలో నేను అక్కడికి పోయినా ఒక స్టూలు చూపి, పుస్తకం చదువుకొమ్మనేవారు. "నీ గోళ్ళలో గ్రీజు కనబడిందంటే నేను పడ్డ కష్టమంతా దండగ" అనేవారు. నేను మన కళాశాలలో చేరిన రోజున ఆయన కడిగిన చేతులనే మళ్ళీ మూడుమార్లు కడుక్కొని ఫీజు కట్టడానికి వచ్చారు.

కాబట్టి పాత కారు సంగతి ఆయనకు ఫోనులో చెప్పడానికి సంకోచించాను. చెప్పిన తరువాత ఆయన కోపగించలేదు. ధరైనా అడగలేదు. "ఎక్కడ తిరిగిందిరా అది? మంచులోనా, ఎండలోనా?" అని మాత్రం అడిగారు.

ఆ ప్రశ్న ఎంత విలువైనదో నాకు వారంలోనే తెలిసింది. మొదట నేను చూసిన మియాటా వేరు. అది ఒక వ్యాపారి దగ్గర ఉన్నది. 71,000 మైళ్ళే తిరిగినది. ఎర్రని రంగు, అద్దం వంటి మెరుగు. ధర 7,800 డాలర్లు. తక్కువ తిరిగినది గనుక ఎక్కువ ధర అన్నది లోకంలో అందరూ అంగీకరించే లెక్క. అయితే ఒహాయో వంటి ఉత్తరాది రాష్ట్రాలలో చలికాలాన రోడ్లమీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీరు బండి అడుగున పట్టి రేకును తినివేస్తుంది. ఈ కారుకు మరొక బలహీనత కూడ ఉన్నది. మడత పైకప్పుమీద పడిన వాననీరు సీట్ల వెనుకనున్న రెండు రంధ్రాలగుండా క్రిందికి దిగిపోవాలి. వాటిలో ఆకులు, చెత్త చేరితే నీరు తలుపుల క్రింది రేకు లోపలికి పోయి నిలిచిపోతుంది. అప్పుడు తుప్పు లోపలినుంచి పుట్టి, బయట రంగు పొంగేసరికి లోపల ఏమీ మిగలదు.

అయస్కాంతానికి గుడ్డ చుట్టి బండి చుట్టూ అంటించి చూడమని నాన్నగారు చెప్పారు. రేకుకు అంటుకొంటుంది, లప్పానికి అంటుకోదు. ముందుగా బానెట్టుమీద పెట్టాను. ఎక్కడా అంటలేదు. ఫోనులో చూస్తున్న ఆయన, "అమ్మో, బానెట్టు మొత్తం లప్పమేరా!" అని కేకవేశారు. ఆ కారుకు బానెట్టు అల్యూమినియంతో చేస్తారని తెలుసుకొని పిమ్మట ఇద్దరమూ చాలాసేపు నవ్వుకొన్నాము. కాని తలుపుల క్రింద అల్యూమినియం కాదు. అక్కడ ఎడమ వైపున జానెడు మేర అయస్కాంతం జారిపోయింది. అట్టముక్క పరచుకొని క్రింద పడుకొని చూస్తే, రంగు క్రింద లప్పం, లప్పం క్రింద గాలి.

లారీకి చాసిస్ వేరు, బాడీ వేరు. బాడీ పాడైతే టింకరింగ్ చేసి బండిని నిలబెట్టవచ్చు. ఇటువంటి కారుకు వేరే చాసిస్ లేదు, ఆ రేకే బరువు మోస్తుంది. అది కుళ్ళితే కోసి కొత్త రేకు అతకాలి. అమెరికాలో పనివాని కూలి గంటకు వంద డాలర్లు దాటుతుంది గనుక ఆ మరమ్మతు కారు ధరను మింగివేస్తుంది. ఇది చాలదన్నట్లు, 60,000 మైళ్ళకు మార్చవలసిన టైమింగ్ బెల్టును ముప్పై ఏళ్ళలో ఎవ్వరూ మార్చిన దాఖలా లేదు. ఎక్కువ కాలం కదలకుండా ఉన్న బండి విశ్రాంతి తీసుకొన్నదని మనం అనుకొంటాము. రబ్బరు ఎండిపోతుందని, సీళ్ళు బిగుసుకుపోతాయని, మూలమూలలా తేమ చేరుతుందని మీటరు చెప్పదు.

ఆ మీటరు మాట వచ్చింది గనుక ఒక విషయం. బండి అమ్మేవాడు తిరిగిన మైళ్ళను కాగితంమీద ధ్రువపరచవలెనని అమెరికాలో చట్టం ఉన్నది. 1972లో దానికి పునాది వేశారు. అయితే 2010వ సంవత్సరపు మోడలు దాకా ఉన్న బండ్లకు నేడు ఆ నిర్బంధం లేదు. అంటే ఏ సంఖ్యను చూసి మనం ధర నిర్ణయిస్తామో, పాత బండి విషయంలో దానికి ఎవరి పూచీ లేదన్నమాట. మన కళాశాల భౌతికశాస్త్ర ప్రయోగశాలలో స్క్రూగేజీ చేతికిచ్చే ముందు, పరికరానికి శూన్యదోషం ఉన్నదేమో చూసి గాని కొలత వ్రాయవద్దని మా గురువుగారు హెచ్చరించేవారు. ఆ మాట నాకు కొలంబస్‌లో పనికివచ్చింది.

రెండవ కారు, అంటే 1,68,000 మైళ్ళది, ఒక విశ్రాంత ఉపాధ్యాయునిది. అది జీవితంలో అధికభాగం మంచు అరుదుగా పడే జార్జియా రాష్ట్రంలో గడిపింది. రంగు వెలిసింది. డ్రైవరు సీటు అంచు చిరిగింది. క్లచ్చి పెడలుమీది రబ్బరు నున్నగా అరిగింది. ఆ అరుగుదల చూసి మీటరు అబద్ధమాడలేదని నమ్మాను. ఆయన లోపలినుంచి ఒక లావుపాటి ఫైలు తెచ్చి ఇచ్చారు. ఆయిలు మార్చిన ప్రతి రసీదు అందులో ఉన్నది. టైమింగ్ బెల్టు 58,000 వద్ద ఒకసారి, 1,17,000 వద్ద మరొకసారి. నాన్నగారు ఒకటే అడిగారు: "రెండోసారి బెల్టు విప్పినప్పుడు నీళ్ళ పంపు మార్చారా?" వెతికితే ఆ రసీదు కూడ దొరికింది.

ఇంజను చల్లగా ఉన్నప్పుడే మొదటిసారి స్టార్టు చేయించాలని, బేరానికి వచ్చేవారికోసం ముందుగా వేడిచేసి ఉంచడం ఒక ఎత్తని నాన్నగారు ముందే చెప్పి ఉన్నందున, ఉదయం పెందలాడే పోయి బానెట్టుమీద చేయి వేసి చూశాను. చల్లగానే ఉన్నది. స్టార్టు చేయగానే పైభాగంలో టకటకమని చప్పుడు. నా గుండె జారింది. నాన్నగారు ఫోనును ఇంజనుకు దగ్గరగా పట్టుకొమ్మన్నారు. తరువాత పెద్ద స్క్రూడ్రైవరు మొన ఇంజనుమీద ఆనించి, పిడి నా చెవికి ఆనించుకొమ్మన్నారు. ఆటోనగర్‌లో ఆయన వినే పద్ధతి అదే. ఆ ఉపాధ్యాయుడు వింతగా చూశారు గాని ఏమీ అనలేదు.

"పైన వినబడుతోందా, క్రిందనా?"

"పైన, నాన్నా."

"రేసు ఇచ్చినా అంతే ఉందా, బరువెక్కుతోందా?"

"పలచబడుతోంది."

"అయితే టాపెట్లు. ఆయిలు పైకి ఎక్కేదాకా అరుస్తాయి. క్రిందనుంచి మద్దెల దరువులాగా వస్తే బేరింగు. అప్పుడు నమస్కారం పెట్టి వచ్చెయ్."

పదినిమిషాలకు చప్పుడు అణగిపోయింది. యజమాని అనుమతితో మరునాడు కంప్రెషన్ చూపించాను. నాలుగు సిలిండర్లలో 172, 170, 174, 168 పౌండ్లు. అంకెలకంటె వాటి నడుమ తేడా లేకపోవడమే నాన్నగారికి నచ్చింది. "నలుగురన్నదమ్ములూ సమానంగా పనిచేస్తున్నారు" అన్నారు.

ఇక బండిలో లోపం లేదు. లోపమంతా నా లెక్కలోనే ఉన్నది. నాతో గదిలో ఉండే మిత్రుడు, "అన్నా, ఈ డబ్బును బ్యాంకులో వేసుకో. సరదాగా ఉంటే వారానికొక రోజు అద్దెకు తీసుకో" అన్నాడు. కాదనలేని మాట. మా అమ్మ వేసిన ప్రశ్నకైతే నేటికీ నా దగ్గర జవాబు లేదు. "రెండు సీట్ల బండేమిటిరా? మేమిద్దరం వస్తే ఎవరిని దింపేస్తావు?"

నేను తేల్చుకోలేక ఉన్న రోజులలో ఒక రాత్రి నాన్నగారే ఫోను చేశారు. మేడ గది సంగతి నేను ఎత్తబోతే ఆపివేశారు. ఆ బండికి ఇంకా తొమ్మిదివేల మైళ్ళలో మళ్ళీ బెల్టు మార్చవలసి వస్తుందని, తరువాత క్లచ్చి, తరువాత షాకబ్జార్బర్లు వంతులవారీగా వస్తాయని, అంత తిరిగిన బండి కొనడమంటే పని కొనడమేనని చెప్పారు. "షెడ్డుకు ఇచ్చి చేయించుకొనేవాడివైతే వద్దు. నీ జీతం చాలదు. నువ్వే చేసుకొంటావా?" అని అడిగారు. చేసుకొంటానన్నాను. కాసేపు మాట్లాడలేదు. "పానా పట్టడం నేను నేర్పలేదే" అన్నారు. ఆ మాటలో నిష్ఠూరమున్నదో, మరేమున్నదో నేను విడమరచి చెప్పలేను.

మరుసటి శనివారం 4,900కు బేరం కుదిరింది. మిగిలిన 300 డాలర్లు పనిముట్లకు, బెల్టుకు పోయాయి. మేడ స్లాబు ఎనిమిది నెలలు ఆలస్యంగా పడింది. ఆ ఎనిమిది నెలలూ మా అమ్మ ఆ ఊసెత్తిన ప్రతిసారీ నేను కారు ఊసెత్తలేదు.

బెల్టును గడువుకు ముందే అక్టోబరులో మార్చాను. కొలంబస్‌లో శనివారం రాత్రి తొమ్మిదైతే విజయవాడలో ఆదివారం ఉదయం ఆరున్నర. నాన్నగారు టీ గ్లాసు పట్టుకొని ఫోను ముందు కూర్చున్నారు. ఏ బోల్టు ముందు వదులు చేయాలో, ఏది ఎక్కడ వరుసగా పెట్టుకోవాలో చెబుతూ వచ్చారు. రెండు గ్లాసుల టీ అయింది. పుల్లీల గుర్తులు కలిపి బెల్టు ఎక్కించిన తరువాత, తొందరపడి స్టార్టు చేయవద్దని, చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పి గుర్తులు మళ్ళీ కలిశాయో లేదో చూడమని చెప్పారు. తిప్పి చూశాను. కలిశాయి. చేతులు చూపమన్నారు. ఫోను ముందు పెట్టాను. గోళ్ళలో గ్రీజు ఉన్నది. ఆయన చూసి, "ఇక మూత బిగించు" అన్నారు.