రాసుకోని చప్పుడు

జాకెట్టు హుక్కులు పెట్టుకోవాలంటే ఇప్పుడు అద్దం కావాలి నాకు. కుడి రొమ్ము కింద వేలు ఆనిస్తే, చర్మం తగిలిందని వేలికి తెలుస్తుంది. వేలు తగిలిందని చర్మానికి తెలియదు. అరచేయంత మేర, బెండు ముక్క అతికించినట్టు ఉంటుంది. అదే చోట, ఏ బట్టా తాకని అర్ధరాత్రి, మిరపకాయ చీల్చి రుద్దినట్టు మంట పుడుతుంది. స్పర్శే లేని చోట నొప్పి ఎట్లా వస్తుందని చాలామంది అడిగారు. మొదట అడిగింది నేనే.

2022లో హైదరాబాదులో నా కుడి ఊపిరితిత్తి పైభాగం తీసేశారు. కుడి ఊపిరితిత్తిలో మూడు భాగాలుంటాయి. "ఇంకా రెండున్నయి గద" అని చుట్టాలు లెక్క చెప్పి ధైర్యమిచ్చారు. ఆ తర్వాత గొంతు తగ్గించి, సిగరెట్ అలవాటేమైనా ఉండేదా అని అడిగారు. హాస్టల్లో ఉండి పిహెచ్.డి. చేసిన ఆడపిల్ల కదా! ముప్పై ఏళ్ళు బీడీలు తాగిన మా మేనమామ ఇదే జబ్బుతో పోయినప్పుడు ఆయన నడవడిక గురించి ఎవరూ ఆరా తీయలేదు. పొగ ముట్టని స్త్రీలకు కూడా ఈ క్యాన్సర్ వస్తుందనీ, ఆసియా దేశాల్లో అది అరుదేమీ కాదనీ కొన్నాళ్ళు ఓపిగ్గా వివరించాను. తర్వాత మానేశాను.

నాకు చేసింది చిన్న చిన్న రంధ్రాల ద్వారా చేసే ఆపరేషన్ కాదు. రెక్క ఎముక కింద మొదలుపెట్టి పక్క మీదుగా రొమ్ము కిందికి కోసి, పక్కటెముకలను ఇనుప పరికరంతో ఎడం చేసి లోపలికి వెళ్ళారు. ప్రతి పక్కటెముక కింది అంచునా ఒక చిన్న గాడి ఉంటుంది. అందులో రక్తనాళాలతో పాటు ఒక నరం వీపు నుంచి ముందు దాకా నడుస్తుంది. ఎముకలు ఎడమైనప్పుడు ఆ నరం నలుగుతుంది, సాగుతుంది, ఒక్కోసారి తెగుతుంది. దెబ్బ వెనకా పక్కనా తగిలితే మొద్దుబారేది ముందు. మా జనగామ పక్కన పెంబర్తిలో ఇత్తడి రేకును లక్క మీద పరిచి వెనక నుంచి సుత్తితో కొడతారు. బొమ్మ ముందువైపు లేస్తుంది. నాకు ఈ నరం సంగతి అర్థమైంది అట్లా. గాయపడిన నరం బయటి స్పర్శను మోయలేదు గాని, తనంతట తాను తప్పుడు సంకేతాలు పంపుతూనే ఉంటుంది. ఆపరేషన్ అయిన రెండు నెలల తర్వాత కూడా మిగిలిపోయే ఈ నొప్పికి వైద్యంలో పోస్ట్ థొరకాటమీ పెయిన్ సిండ్రోమ్ అని పేరుంది. ఇట్లా ఛాతీ తెరిచి ఆపరేషన్ చేసిన వాళ్ళలో దాదాపు సగం మందికి ఆరు నెలల తర్వాత కూడా ఏదో ఒక మేరకు ఉంటుందట. ఆపరేషన్‌కు ముందు నాతో సంతకం పెట్టించుకున్న వాళ్ళెవరూ ఈ మాట చెప్పలేదు. చెప్పినా సంతకం పెట్టేదాన్నే. అయినా చెప్పాల్సింది.

చెకప్‌కు వెళ్ళినప్పుడల్లా నొప్పి సున్నా నుంచి పది వరకు ఎంత ఉందని అడుగుతారు. నేను నాలుగంటాను. బయట కుర్చీల్లో నాకన్నా కష్టంలో ఉన్నవాళ్ళను చూసి లోపలికి వచ్చాక ఆరు అనడానికి నోరు రాదు. "క్యాన్సర్ తిరగబెట్టలేదు, అదృష్టవంతురాలివి" అంటారు. నిజమే. ఆ అదృష్టం ముందు నా నొప్పి గొణుగుడు కింద లెక్క. ప్రీగాబలిన్ రాసిస్తారు. అది మంటను కొంత తగ్గిస్తుంది, దాంతో పాటు మాటలను కూడా. క్లాసులో తెలిసిన కవి పేరు కోసం బోర్డు వైపు తిరిగి నిలబడిన రోజులున్నాయి.

మా అమ్మ అంకె అడగదు. "గుంజుతాందా, సలుపుతాందా, సురసుర మండుతాందా, పోటు పెడుతాందా?" అని అడుగుతుంది. జబ్బును చెప్పడానికి ఇంగ్లీషులో మాటలు లేవని 1926లో వర్జీనియా వుల్ఫ్ వాపోయింది. మా అమ్మకు ఆ ఇబ్బంది లేదు. గుంజుడు వేరు, సలుపు వేరు, తిమ్మిరి వేరు. గుంజితే నూనె రాస్తుంది, సలిపితే ఉప్పుమూట కాపడం పెడుతుంది. ఒక రాత్రి అట్లాగే మూట వేడిచేసి తెచ్చింది. "కాక తగులుతాందా బిడ్డా?" అంది. లేదన్నాను. ఇంకాసేపు ఉంచింది. పొద్దున చూస్తే రూపాయి బిళ్ళంత బొబ్బ. నాకు నొప్పే లేదు. అమ్మ ఏడ్చింది. అప్పటి నుంచి మూటను ముందు తన మణికట్టు మీద పెట్టి చూసుకుంటుంది.

ఆడ్రీ లార్డ్ 1980లో అచ్చు వేసిన క్యాన్సర్ పుస్తకాన్ని విద్యార్థిగా చదివాను. రొమ్ము తీసేశాక కృత్రిమమైనది పెట్టుకోనని, ఆ లేమి కనబడాలని ఆమె పట్టుబట్టింది. నా పరిస్థితి తలకిందులు. రొమ్ము ఉన్నచోటే ఉంది. చూసేవాళ్ళకు ఏ లోటూ లేదు. నా సహచరుడి చెయ్యి అక్కడ ఉందో లేదో తల వంచి చూస్తే గాని నాకు తెలియదు. ఆ చూపు అతనికి అనుమానంలా తోచింది కొన్నాళ్ళు. దీని గురించి మాట్లాడుకోవడానికి మాకు ఏడాది పట్టింది.

నా పరిశోధన తెలంగాణ సాయుధ పోరాటంలో స్త్రీల మౌఖిక కథనాల మీద. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' నాకు దారి చూపింది. ఇంకా మిగిలి ఉన్నవాళ్ళ కోసం నేనూ ఊళ్ళు తిరిగాను. ఆ స్త్రీలు దెబ్బల గురించి, అడవిలో కాన్పుల గురించి ఒక్క వాక్యంలో చెప్పి దాటిపోవడాన్ని రాజకీయ చైతన్యంగా వ్యాఖ్యానించాను. దేహాన్ని దాటిన స్థైర్యం అని రాశాను. పరీక్షకులు ఆ అధ్యాయాన్ని ప్రత్యేకంగా మెచ్చుకున్నారు.

కిందటేడు ఆ గ్రంథాన్ని పుస్తకంగా తేవాలని, కూర్చుని టైప్ చేయలేక, పడుకుని పాత రికార్డింగులు విన్నాను. 2015 ఎండాకాలంలో దేవరుప్పుల దగ్గరి ఒక ఊళ్ళో చేసింది ఒకటి. ఎనభై అయిదు దాటిన ముసలమ్మ, పడుచుతనంలో దళాలకు అన్నం మోసింది. ఇప్పుడు లేదు. ఆమె గొంతు వెనక, ఆగి ఆగి, చిన్న చప్పుడు. ముందు ఫ్యాన్ అనుకున్నాను. కాదు, చేతికున్న రెండు వెండి కడియాలు ఒకదానికొకటి తగులుతున్నాయి. అప్పుడు గుర్తొచ్చింది. మాట్లాడినంత సేపూ ఎడమచేత్తో కుడి భుజం రుద్దుకుంటూనే ఉంది. నేను కూడా ఆ నిమిషాన పక్క రుద్దుకుంటూనే వింటున్నాను.

నోట్సు తీసి చూశాను. ఇంటి గోడ రంగు రాసుకున్నాను, గోడ మీది ఫోటో రాసుకున్నాను. చెయ్యి రాసుకోలేదు. నలభయ్యో నిమిషం దగ్గర ఆమె అంది: "గీ రెక్క గుంజుతది బిడ్డా, గప్పటి సంది."

వెంటనే నా గొంతు, చురుగ్గా: "అట్లానా. ఆ తర్వాత దళం ఎటు పోయింది అమ్మా?"

గ్రంథం అనుబంధంలో ఆ చోట మూడు చుక్కలున్నాయి. కొడకండ్ల దిక్కు పోయిందని ఆమె జవాబు చెప్పింది. కడియాల చప్పుడు రికార్డు అయిపోయేదాకా ఉంది.