క్రాన్‌బరీ ఊళ్ళో పొలాలు ఎలా మిగిలాయంటే



అమెరికా నుంచి వచ్చి వారమైంది. కనపడ్డవాళ్ళంతా "ఏం చూశావు బాబాయ్, న్యూయార్క్ వెళ్ళావా, దివిటీ పట్టుకున్న బొమ్మ చూశావా" అని అడుగుతున్నారు. వెళ్ళాను, చూశాను, ఫొటోలు కూడా పెట్టాను. కానీ మీకు రాయాలనుకుంది వేరే ఊరి గురించి. న్యూజెర్సీలో మా అమ్మాయి వాళ్ళుండేది ప్లెయిన్స్‌బరో. దాని పక్కనే క్రాన్‌బరీ అని చిన్న ఊరు. ఏప్రిల్ నుంచి జూలై దాకా నేను ఎక్కువగా తిరిగింది అక్కడే. కొంచెం పెద్ద పోస్టు, తీరిగ్గా చదవండి.

జనాభా నాలుగు వేల లోపే. 2020 లెక్కల్లో 3,842. మన మేజర్ పంచాయతీల కంటే చిన్నది. విస్తీర్ణం మాత్రం పదమూడు చదరపు మైళ్ళ పైనే, అంటే ఎనిమిదిన్నర వేల ఎకరాలు. మధ్యలో ఒక్కటే పెద్ద వీధి, మెయిన్ స్ట్రీట్. రెండు పక్కలా తెల్ల రంగు చెక్క ఇళ్ళు, కొన్ని రెండు వందల ఏళ్ళ నాటివి. 1980లోనే ఆ వీధంతా దేశం చారిత్రక స్థలాల జాబితాలోకి ఎక్కింది. 1778 జూన్‌లో వాషింగ్టన్ మాన్మత్ యుద్ధానికి పోతూ సైన్యంతో ఇక్కడ ఆగాడట. చివర్న బ్రెయినర్డ్ చెరువు, బాతులు, పిల్లలు. ఎనిమిదో తరగతి దాకా ఊరికి ఒకటే బడి, తర్వాత పిల్లలు ప్రిన్స్‌టన్ హైస్కూలుకి వెళ్తారు. ఆ ఒక్క కారణానికే ఇక్కడ ఇళ్ళకి అంత రేటు. 2000 నాటికే సగటు కుటుంబం ఆదాయం ఏడాదికి లక్ష డాలర్లు దాటిన ఊరు ఇది. ఇప్పుడు చూసుకోండి.

ఇవన్నీ నన్ను పెద్దగా ఆశ్చర్యపరచలేదు. డబ్బున్నవాళ్ళ ఊరు అలాగే ఉంటుంది. నన్ను నిలబెట్టింది ఆ మెయిన్ స్ట్రీట్ దాటి పడమర వైపు నడిస్తే కనిపించినవి. పొలాలు! సోయా, మొక్కజొన్న, గోధుమ, గడ్డి, మొక్కల నర్సరీలు. న్యూయార్క్‌కి గంటన్నర దూరంలో, ఇల్లు మిలియన్ డాలర్లు పలికే చోట, గజాల లెక్కన అమ్ముకోవలసిన నేల మీద సోయా వేసుకుని కూర్చున్నారు. మన దగ్గర బైపాస్ పడబోతోందన్న వార్త వస్తే చాలు, వెంచర్ల రాళ్ళు పాతేస్తారు. ఇక్కడ ఎందుకు పాతలేదు?

జూలై మొదట్లో ఒక ముసలి రైతు గోధుమ కోత అయిన చేలో సోయా విత్తుతున్నాడు. దుక్కి లేదు. కొయ్యకాళ్ళ మధ్యే మిషను పెట్టి విత్తనం దింపుతున్నాడు. మన తెనాలి వైపు వరి కోసిన మాగాణిలో దున్నకుండా మొక్కజొన్న గుచ్చుతామే, అదే పద్ధతి. గట్టు మీద నిలబడి చూస్తుంటే ఆయనే ట్రాక్టరు ఆపి దిగాడు. మా అమ్మాయి తర్జుమా చేసింది. నాకు రెండున్నర ఎకరాలుందని చెబితే నవ్వుతాడేమో అనుకున్నా, నవ్వలేదు. నీళ్ళు ఎక్కడివి, ఏడాదికి ఎన్ని పంటలు అని అడిగాడు. రెండు పంటలు, కాలువ నీళ్ళు అంటే "అదృష్టవంతుడివి" అన్నాడు. వాళ్ళకి చలికాలం ఉంది కదా. ఇంకో బాధ జింకలు. మనకి అడవిపందులు ఎలాగో వాళ్ళకి జింకలు అలాగ. సోయా మొలిచింది మొలిచినట్టు కొరికేస్తాయి. ఎనిమిదడుగుల కంచె వేస్తే గానీ ఆగవు, కాల్చాలంటే పర్మిట్ కావాలి. పావుగంట జింకల్ని తిట్టుకున్నాం ఇద్దరం. భాష రాకపోయినా అడ్డం కాలేదు.

అసలు సంగతి ఆయనే చెప్పాడు. ఆ పొలం ఆయనదే, కానీ ఆ పొలంలో ఇళ్ళు కట్టే హక్కు ఆయనది కాదు. దాన్ని ఎప్పుడో ప్రభుత్వానికి అమ్మేశారు.

నాకు మొదట అర్థం కాలేదు. ఇంటికొచ్చాక మా అల్లుడు కంప్యూటర్లో చూసి విడమరిచి చెప్పాడు. 1983లో న్యూజెర్సీ రాష్ట్రం ఒక చట్టం చేసింది. దాని లెక్క ఇలాగుంటుంది. ఎకరం ప్లాట్లకి అమ్మితే రెండు కోట్లు వస్తుందనుకోండి. పొలంగానే అమ్మితే అరవై లక్షలు. మధ్యలో తేడా కోటీ నలభై లక్షలు. ఈ అంకెలు మన లెక్కలో నేను ఉదాహరణకి వేసినవి. ఆ తేడాని రాష్ట్రం, కౌంటీ, ఊరు కలిసి రైతుకి కట్టేస్తాయి. నేల రైతు పేరు మీదే ఉంటుంది, దున్నుకోవచ్చు, కౌలుకివ్వచ్చు, పిల్లలకి రాయొచ్చు, అమ్ముకోవచ్చు కూడా. అయితే దస్తావేజులో ఒక షరతు ఎక్కుతుంది: ఎవరి చేతికి పోయినా అది పొలంగానే ఉండాలి. ఎప్పటికీ. మన దగ్గర నేల మార్పిడి చేసుకుని ప్లాట్లు వేసుకోవడానికి దారులున్నాయి. పొలంగానే ఉంచుతాను, దానికి డబ్బివ్వండి అని అడగడానికి ఏ ఆఫీసుకి వెళ్ళాలి?

దీనికి తోడు పన్ను. ఆస్తి పన్ను ఆ దేశంలో అన్నిటికన్నా ఎక్కువుండే రాష్ట్రాల్లో న్యూజెర్సీ ముందుంటుంది. కానీ 1964 చట్టం ప్రకారం అయిదెకరాలకి తగ్గకుండా సాగులో ఉంటే, ఆ నేలకి పొలం విలువ మీదే పన్ను వేస్తారు, మార్కెట్ విలువ మీద కాదు. అయిదెకరాల మీద ఏడాదికి కనీసం వెయ్యి డాలర్ల పంట అమ్మినట్టు చూపించాలి. ఎవరైనా మధ్యలో ప్లాట్లు వేస్తే ఆ ఏడాదితో పాటు వెనక రెండేళ్ళ పన్ను తేడా కూడా వసూలు చేస్తారు. దీంట్లోనూ తెలివిగలవాళ్ళున్నారు లెండి. పెద్ద బంగళా కట్టుకుని, వెనక ఆరెకరాల్లో గడ్డి పెంచి, నాలుగు కట్టలు అమ్మి "మేమూ రైతులమే" అనే డబ్బున్నోళ్ళు ఆ రాష్ట్రంలో కొదవలేదు. ఆ ముసలాయనకి వాళ్ళ మీద జింకల కంటే ఎక్కువ కోపం.

1983లోనే వచ్చిన ఇంకో చట్టం ఉంది. పొలం పక్కన ఇల్లు కొనుక్కున్నవాడు ఎరువు వాసన వస్తోంది, తెల్లారుజామున ట్రాక్టరు మోత అని కేసు పెడితే, పద్ధతి ప్రకారం సాగు చేసుకునే రైతుకి రక్షణ ఇస్తుంది. మన ఊరి చివర కొత్త కాలనీ వాళ్ళు గేదెల కొట్టాల మీద ఫిర్యాదులు పెడుతున్నారు కదా, అందుకని రాస్తున్నా.

మరి ఊరికి డబ్బు ఎక్కడినుంచి వస్తుంది? అది తూర్పున ఉంది. 130 నంబరు రోడ్డు ఊరిని రెండుగా చీలుస్తుంది. పడమర పాత ఊరు, పొలాలు. తూర్పున ఆ రోడ్డుకీ టర్న్‌పైక్‌కీ మధ్య గోడౌన్లు. ఒక్కోటి మన మార్కెట్ యార్డుకి అయిదారింతలు. రాత్రింబవళ్ళు లారీలు. గోడౌన్ పన్ను కడుతుంది గానీ బడికి పిల్లల్ని పంపదు. అక్కడ బడి నడిచేది ఎక్కువగా ఆస్తి పన్ను మీదే. అంటే గోడౌన్లు కడుతున్న పన్ను పడమర వైపు అందానికి ఆసరా అన్నమాట. తూర్పువైపు కూడా ఒకప్పుడు పొలాలే. మెయిన్ స్ట్రీట్ బెంచీ మీద కూర్చున్నవాళ్ళకి ఆ లారీలు కనపడవు, అలా ప్లాన్ గీసుకున్నారు. తెలివే. నాకు కొంచెం చేదుగా కూడా అనిపించింది.

ఇంకో చేదు విషయం. ఒకప్పుడు ఇది బంగాళాదుంపల ఊరు. 1939లో దుంపల పనికి దక్షిణాది నుంచి వచ్చిన నల్లజాతి కూలీల మీద ముసుగులేసుకున్న తెల్లవాళ్ళు దాడి చేశారు. ఇప్పుడు ఆ చుట్టుపక్కల నర్సరీల్లో వంగి పనిచేసేది ఎక్కువమంది మెక్సికో, గ్వాటెమాలా వైపు నుంచి వచ్చినవాళ్ళు. వాళ్ళ కూలితో క్రాన్‌బరీలో ఇల్లు ఎక్కడ దొరుకుతుంది?

ఈ ప్రశ్న మీదే ఆ రాష్ట్రంలో యాభై ఏళ్ళుగా నడుస్తోంది. మౌంట్ లారెల్ అనే ఇంకో ఊళ్ళో తరాల నుంచి పొలం పనులు చేసిన నల్లజాతి కుటుంబాలు కోళ్ళ షెడ్లని ఇళ్ళుగా మార్చుకుని బతికేవి. వాళ్ళకి సరైన ఇళ్ళు కట్టుకోనివ్వలేదు ఆ ఊరు. కేసు రాష్ట్ర సుప్రీంకోర్టుకి వెళ్ళింది. 1975లో తీర్పు వచ్చింది: తక్కువ ఆదాయం వాళ్ళకి కూడా ఎదుగుతున్న ప్రతి ఊరూ తన వంతు చోటు చూపించాలి. న్యాయమైన తీర్పే. ఇప్పుడు 2025 నుంచి 2035 వరకు క్రాన్‌బరీ వంతు 265 ఇళ్ళు.

ఆ ఇళ్ళు ఎక్కడ? 2025 మే నెలలో ఊరి కమిటీ చూపు తూర్పు వైపు ఒక పొలం మీద పడింది. 21 ఎకరాలు, 1850 నుంచి ఒకే కుటుంబం చేతిలో ఉంది. చుట్టూ గోడౌన్లే. కోట్ల డాలర్లు ఇస్తామని గోడౌన్ల వాళ్ళు వచ్చినా ఆ అన్నదమ్ములు అమ్మలేదని పేపర్లన్నీ రాశాయి. అమ్మనివాడి దగ్గర ఎలా తీసుకుంటారు? పరిహారం కట్టి ప్రభుత్వం తీసేసుకునే చట్టం అక్కడా ఉంది. మన 2013 చట్టం లాంటిదే, పేరు ఎమినెంట్ డొమైన్. కమిటీ అంటే అయిదుగురు సభ్యులు, మేయర్‌ని ఏటా వాళ్ళలో వాళ్ళే ఎంచుకుంటారు. మన పంచాయతీ కంటే చిన్నది. వాళ్ళ మీటింగులకి జనం పోటెత్తారట. నేను వచ్చేసే నాటికి గొడవ నడుస్తూనే ఉంది.

పేదలకి ఇళ్ళు కావాలి, ఆ మాట కాదనేవాడు మనిషి కాడు. కానీ ఊళ్ళో అంత నేలుండగా, డబ్బుకి లొంగకుండా మిగిలిన ఒక్కడి పొలమే ఎందుకు కనపడింది? హక్కు అమ్ముకున్న పొలాలకి కాగితం అండగా ఉంది. వీళ్ళకి 175 ఏళ్ళ మాట ఒక్కటే ఉంది. ఈ తేడా నాకు బాగా ఎక్కింది.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే మా ఇంట్లోనూ ఒక మాట నడుస్తోంది. మా అమ్మాయికి క్రాన్‌బరీ అంటే ఇష్టం, ఇంకో రెండేళ్ళలో పిల్లాడు బడికెళ్తాడు. మొదట కట్టే డబ్బుకి తక్కువ పడుతోంది. మా అల్లుడు మర్యాద గల మనిషి, నోరు తెరిచి అడగలేదు. "అక్కడ రోడ్డు పక్కన ఇప్పుడు ఎకరం ఎంతుంది మావయ్యా" అన్నాడంతే. నేను ధర చెప్పాను. తర్వాత ఇద్దరం మాట్లాడుకోలేదు. ఆ ఊళ్ళో ఇల్లంటే కిటికీలోంచి సోయా చేలు కనపడటానికి కూడా కలిపి కట్టే ధర. దానికోసం ఇక్కడ నా మాగాణి వెంచర్ అవ్వాలి.

విమానం ఎక్కేముందు అమ్మాయితో చెప్పాను: ఒక ఎకరం నీ పేరు మీద రాస్తాను, పాసు పుస్తకం నీ చేతిలో పెడతాను, అమ్ముతావో ఉంచుతావో నీ ఇష్టం, మిగిలిన ఎకరన్నర మాత్రం నేనూ మీ అమ్మా ఉన్నంతకాలం వరే. మా ఆవిడకి ఇది నచ్చలేదు, మొత్తం ఇచ్చేద్దాం అంటుంది. వచ్చే శుక్రవారం రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్ళాలి. ఈలోగా కాలువ నీళ్ళొస్తున్నాయంటున్నారు, నారుమడి తడపాలి.