ఐదుకి ఆరున్నర

మంచం, పరుపు కలిపి 60,000 దాటకూడదని మేమిద్దరం ముందే అనుకున్నాం. షాపులో మొదట చూపించిన టేకు మంచం ఒక్కటే 48,000. పరుపు ఫ్రీ అన్నాడు. ఆ ఫ్రీ పరుపు నాలుగంగుళాలది. లోపల ఏ ఫోమ్ ఉందో బిల్లు మీద రాసివ్వమంటే నవ్వేసి ఊరుకున్నాడు. మా లెక్క వేరు. సగానికి కాస్త తక్కువ పరుపుకే తీసిపెట్టాం. రాత్రంతా నడుముని మోసేది పరుపు కానీ, తలవైపు చెక్కిన నెమలి కాదుగా.

సైజు దగ్గర ఇంట్లో పెద్ద చర్చే నడిచింది. "ఆరడుగుల మంచం లేకపోతే గదికి నిండుదనం ఏముందే?" అన్నారు అత్తయ్యగారు. షాపు మంచం వద్దనుకుని పిలిపించిన వడ్రంగి కూడా "ఆరుకి ఆరుంబావు చేసేస్తానమ్మా, అందరూ అదే చేయించుకుంటున్నారు" అన్నాడు. నేను టేపు తీశాను. గది వెడల్పు 11 అడుగులు. కప్‌బోర్డు 2 అడుగులు తినేసింది. మిగతా 9లో ఆరడుగుల మంచం వేస్తే కప్‌బోర్డు తలుపులకి 2 అడుగులు వదిలాక రెండోవైపు ఒక్క అడుగే. అర్ధరాత్రి లేచినవాళ్లు గోడకి ఒరుసుకుంటూ దిగాలి. ఐదడుగులదైతే రెండువైపులా రెండేసి అడుగులు. మధ్యలో చంటిపిల్ల పడుకునే ఇల్లయితే నేనూ ఆరే అనేదాన్ని. మా పాప నానమ్మ దగ్గరే పడుకుంటుంది.

పొడవు మాత్రం వదల్లేదు. మావారు 71 అంగుళాలు. ఎత్తుకి ఇంకో ఆరంగుళాలు కలుపుకోవాలి కాబట్టి 72 కాదు, 75 కూడా కాదు, 78. అందుకే ఐదుకి ఆరున్నర. ఆ కొలత చెక్క లోపలి అంచు నుంచి లోపలి అంచుకి ఉండాలని వడ్రంగికి కాగితం మీద గీసిచ్చాను. బయటి కొలతతో చేస్తే పరుపు దిగదు, విడిగా కోయించుకోవాలి. కోయించిన పరుపుని వాపసు తీసుకునేవాళ్లు అరుదు.

పరుపు దగ్గర నన్ను కాపాడింది తూకం. 40 డెన్సిటీ అంటే ఘనపు మీటరుకి 40 కిలోలు. 78 x 60 అంగుళాల పరుపు ఆరంగుళాల మందం ఉంటే 0.46 ఘనపు మీటర్లు, అంటే ఫోమే 18 కిలోలు దాటాలి. 28 డెన్సిటీదైతే 13 కిలోల లోపే. ఒక షాపులో "ఫుల్ 40 మేడమ్" అన్న పరుపుని మావారు ఒక్కరే చంకన పెట్టుకుని లేపేశారు. తూకం వేయమన్నాం. కాటా లేదన్నారు. బయటికొచ్చేశాం.

మెమరీ ఫోమ్ ఏసీ షోరూమ్‌లో హాయిగానే ఉంది. కానీ వేడికి మెత్తబడటం దాని గుణం, ఒంటి వేడినీ పట్టి ఉంచుతుంది. మేముండేది విజయవాడలో. మే నెల రాత్రి కరెంటు పోతే? కాస్త గట్టిగా ఉన్న మామూలు ఫోమ్ తీసుకున్నాం, 24,000. ఎనిమిదేళ్లు వస్తే ఏడాదికి 3,000, రోజుకి ఎనిమిది రూపాయల చిల్లర.

"క్రెడిట్ కార్డు మీద నో కాస్ట్ ఈఎంఐ పెట్టుకోండి" అన్నారు. ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మనమే కట్టే నో కాస్ట్ అది. ఒకేసారి కట్టి, తగ్గింపు అడిగి ఇప్పించుకున్నాం. పదేళ్ల వారంటీ కాగితం కూడా అక్కడే చదివాను: గుంట ఒక అంగుళం దాటితేనే లెక్క, మరక పడితే వారంటీ పోయినట్టే. అందుకే నీళ్లు ఇంకని ప్రొటెక్టర్ అదే రోజు కొన్నాను. కాఫీ తాగేది మంచం మీదే మరి.

అత్తయ్యగారు ఫోమ్ మీద పడుకోనన్నారు. ఆవిడది పాత బూరుగు దూది పరుపు. దూదేకే మనిషిని పిలిచి, గడ్డకట్టిన దూదిని ఏకించి, కొత్త గుడ్డలో కుట్టించాం. చవకలో మా పరుపు దాని దరిదాపుల్లోకి రాదు. దూది ఎప్పటిదో, గుడ్డా కూలీ మాత్రమే కొత్తవి. నెలకోసారి దాన్ని మేడ మీదికి మోసి ఎండబెట్టే పని మాత్రం మావారిది. ఆ కూలి లెక్కలోకి రాలేదని ఆయన గొణుగుతూనే ఉంటారు.