పదిహేను విభక్తులు

జూన్ 3, మంగళవారం

మైండ్‌స్పేస్‌లో మా ఆఫీసు క్యాంటీన్‌లో ఇవాళా అదే పాట: "ఫిన్నిష్ మనవల్ల కాదు, పదిహేను విభక్తులట!" ఫిన్లాండ్‌లోని ఎస్పో వెళ్ళొచ్చినవాళ్ళే అంటున్నారు. వాళ్ళకి అక్కడ 'మొయి' (హలో), 'కీతొస్' (థాంక్స్) దాటలేదు. ఆఫీసంతా ఇంగ్లీషే, ఇంక అవసరమేముంది?

ఇంగ్లీషులో రాసిన పాఠ్యపుస్తకమూ పట్టికతోనే బెదరగొడుతుంది. తలొ అంటే ఇల్లు. తలొస్స ఇంట్లో, తలొస్త ఇంట్లోంచి, తలోన్ ఇంట్లోకి. ఇందులో బెదరడానికేముంది? పైగా అతనికీ ఆమెకీ ఒకే మాట, హ్యాన్.

జూన్ 8, ఆదివారం

అమ్మ చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ నా పాఠం వింది. తులి నిప్పు, తూలి గాలి, తుల్లి కస్టమ్స్. హ్రస్వం, దీర్ఘం, ద్విత్వం ఒక్కసారికే పట్టేసింది. వెసి (నీళ్ళు) కాస్తా 'వెదెన్' ఎందుకవుతుందని నేను విసుక్కుంటే, "ఇల్లు ఇంటి ఎందుకయిందే? నోరు నోటి కాలేదూ? ఔపవిభక్తికాలు, అంతే" అంది. తెలుగు టీచరుగా రిటైరైన మనిషి మరి.

1856లో కాల్డ్వెల్ అనే భాషావేత్త మన ద్రావిడ భాషలకీ ఫిన్నిష్ గుంపుకీ చుట్టరికం కలపబోయాడు. ఇప్పటి భాషావేత్తలు ఒప్పుకోరు, ఫిన్నిష్‌ది ఉరాలిక్ కుటుంబం. చుట్టాలు కాకపోతేనేం, పోలికలున్నాయి.

జూన్ 19, గురువారం

అసలు చిక్కు ఇవాళ రాయదుర్గం మెట్రోలో తగిలింది. 'లుఎన్ కిర్యా' అంటే పుస్తకం చదువుతున్నా. 'లుఎన్ కిర్యన్' అంటే చదివేస్తా. క్రియ మారలేదు! భవిష్యత్కాలానికి వేరే రూపం లేదు. పని పూర్తవుతుందా లేదా అన్నది కర్మకున్న విభక్తి చెబుతుంది. మనం క్రియకి తగిలించే 'ఏస్తా'ని వాళ్ళు పుస్తకానికి తగిలిస్తారు. దుర్గం చెరువు దాటినా బుర్రకెక్కలేదు. ప్రేమించడానికి మాత్రం ఎప్పుడూ పూర్తికాని పనుల విభక్తి, అంటే పార్టిటివేనట: 'రకస్తన్ సినుఅ' (నిన్ను ప్రేమిస్తున్నా). ఈ ఒక్క వాక్యం వెంటనే గుర్తుండిపోయింది!

జూన్ 28, శనివారం

పుస్తకంలో 'ఒలెన్' (ఉన్నాను), వీధిలో 'ఓన్'. నేర్చుకున్నది ఒకటి, చెవినపడేది ఇంకొకటి. హైదరాబాదొచ్చి పుస్తకాల తెలుగు మాట్లాడేవాడి అవస్థే. విభక్తులకన్నా దీనికే భయపడాలి. అక్కడి పౌరసత్వానికి అడిగే వై.కె.ఐ. పరీక్షలో ఉన్నవి ఆరు స్థాయిలు, కావలసింది మూడోది. అందులో రాయడమే కాదు, వినడం, మాట్లాడడం కూడా ఉంటాయి.

రాత్రి పట్టికంతా తెలుగులో తిరగరాశాను. పదిహేనులో మూడు మామూలు మాటల్లో పెద్దగా వినపడనే వినపడవు. ఆ పార్టిటివ్ ఒక్కటి పక్కన పెడితే, మిగతావి మనకి ఇంగ్లీషు ప్రిపొజిషన్లకన్నా సులువు.