అయ్యో పాపం అంటే సరిపోదు

2018 మార్చిలో పశ్చిమ బెంగాల్‌లోని అసన్‌సోల్‌లో శ్రీరామనవమి వేళ అల్లర్లు జరిగాయి. అక్కడి మసీదు ఇమామ్ ఇమ్దాదుల్లా రషీదీ గారి 16 ఏళ్ల కొడుకుని చంపేశారు. అప్పుడే పదో తరగతి పరీక్షలు రాసిన పిల్లవాడు. జనాజాకి, అంటే అంత్యక్రియల నమాజుకి, వేలమంది వచ్చారు. అందరూ రగిలిపోతున్నారు. ప్రతీకారమని ఎవరైనా చెయ్యెత్తితే ఈ ఊరే విడిచి వెళ్లిపోతానన్నారాయన. జనం ఆగారు.

అంత గుండె అందరికీ ఉండదు. కానీ మన చేతిలో ఉన్నవీ తక్కువేం కాదు. ఫ్యామిలీ గ్రూపులో విషం చిమ్మే వీడియో వస్తే, "బాబాయ్, ఇది నిజమేనా, ఎక్కడిదో చూశారా?" అని మర్యాదగా అడగొచ్చు. టులెట్ బోర్డు చూసి వచ్చినవాళ్ల పేరు వినగానే "ఇచ్చేశామండీ" అని అబద్ధమాడటం మానెయ్యొచ్చు. ఫలానావాళ్ల బండి దగ్గర కొనొద్దని ఎవరైనా అంటే, సరిగ్గా ఆ బండి దగ్గరికే వెళ్లి కేజీ జామకాయలు కొనొచ్చు.

టీవీ ముందు కూర్చుని కళ్లు తుడుచుకుంటే ఎవరికీ ఇల్లు దొరకదు, ఎవరి బేరమూ సాగదు.

ఈ వారం వీటిలో ఒక్కటైనా చేయండి. ఎందుకు చేశారో ఇంట్లో పిల్లలకి కూడా చెప్పండి.